అప్‌డేట్: మంచాన పడ్డ నాన్న, నా విసుగు, ఆనాపానసతి (శ్వాసను గమనించే ధ్యానం)

పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నను చూసుకుంటుంటే విసుగొస్తోంది, ధ్యానానికి టైమ్ దొరకడం లేదు, ఏం చేయాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతిని అక్కడే ఉండి నేర్చుకునే పది రోజుల కోర్సు ఇప్పట్లో కుదరదు. కానీ బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం నుంచి ఒకరు చెప్పిన సంఘటన మనసులో నాటుకుపోయింది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును తోటివాళ్లెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆయన శిష్యుడు ఆనందుడు కడిగాడు. తల వైపు బుద్ధుడు, కాళ్ల వైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత బుద్ధుడు భిక్షువులతో, "నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయండి" అని చెప్పాడు. నాకు ఇంతకంటే పెద్ద బోధ కనిపించలేదు.

ఇప్పుడు అర్ధరాత్రి నాన్న పిలిస్తే, లేచే ముందు ముక్కు దగ్గర రెండు మూడు శ్వాసలు గమనిస్తున్నాను. దవడలు బిగుసుకున్న సంగతి అప్పుడే తెలుస్తుంది. డైపర్ మార్చడానికి ఆయన్ని పక్కకు తిప్పేటప్పుడు చెయ్యి మోటుగా పడబోతే వెంటనే తెలిసి, పట్టు సడలిస్తున్నాను. విసుగు పూర్తిగా పోలేదు, కానీ నోటిదాకా రావడం బాగా తగ్గింది. అమ్మ కూడా గమనించింది.

అన్నయ్య సెలవు పెట్టి వస్తానన్నాడు. డేట్లు ఖాయం కాగానే కోర్సుకు అప్లై చేస్తాను.