‘ఇద్దరాండ్రా’ చివరి దీర్ఘం: ఈ చాటువు తేలికైనదేనా?

శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువు (జనం నోట నిలిచిన విడి పద్యం) ఒకటుంది, నీళ్లు దొరకక దాహంతో శివుడికి చెప్పాడంటారు. ‘సిరిగలవానికి చెల్లును, తరుణులు పదియారువేల తగ పెండ్లాడన్’ అని మొదలై, ‘పరమేశా గంగ విడుము పార్వతి చాలున్’ అని ముగిసే ఆ కందంలో మూడో పాదం నన్ను వేధిస్తోంది. ‘తిరిపెమున కిద్దరాండ్రా’ అని చదివిన గుర్తు ఒకటి, ‘ఇద్దరాండ్రు’ అని విన్న గుర్తు మరొకటి. ఏది సరైనదో తెలిస్తే, దీన్ని తేలికైన వినోదపద్యంగా చదవాలో, దప్పికగొన్నవాడి మొరగా చదవాలో తేలుతుందని నా ఆశ.

— గణాలు కట్టి చూడండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు; కందం మూడో పాదంలో నాలుగేసి మాత్రల గణాలు మూడుండాలి. తిరిపెము, నకిద్ద, రాండ్రా: మూడూ నాలుగేసి మాత్రలు. ‘రాండ్రు’ అంటే ఒక మాత్ర లోటు. పైగా బిచ్చమెత్తి బతికేవాడికి ఇద్దరు భార్యలా అని పరమేశ్వరుణ్ణే నిలదీసే చనువంతా ఆ ‘ఆ’లోనే ఉంది. ఆ చనువే తేలిక కవిత్వానికి గుర్తని నా అభిప్రాయం.

— గణాలు దీర్ఘం కావాలన్నాయి గాని ‘ఆ’యే కావాలనలేదు, ‘రాండ్రే’ అన్నా మాత్రలు సరిపోతాయి. నేనూ ‘ఆ’కారాన్నే ఒప్పుకుంటాను, కాని మీ కారణంతో కాదు. ‘గంగ విడుము’ అన్నచోట భార్యను విడవమనడమూ నీటిని వదలమనడమూ ఒక్కటైపోయాయి. దాహమన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. బాధను పైకి చెప్పకుండా పరిహాసంలో దాచడమే ఇక్కడి తేలికదనం. కాబట్టి తేలిక అంటే లోతు లేకపోవడం కాదు.

— అలాగైతే శ్రీనాథునిదేనని చెప్పే మరో చాటువు చూడండి, పంట కృష్ణానది పాలై, పిట్టల పాలై బాకీ తీర్చలేనివాడి మాట అది: ‘కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు.’ పంట పోగొట్టుకున్నవాడు పిట్టలకు పెట్టిన పేరు ఎంత గలగలలాడుతోందో! అయినా ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ (ఏడువందల నాణేలు ఎలా కట్టను) దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. పద్యం తేలికో గంభీరమో ఛందస్సును బట్టి తేల్చలేమనడానికి కందమే సాక్ష్యం: తిక్కన భారతంలో గంభీర సన్నివేశాలను మోసిన ఆ ఛందస్సునే శ్రీశ్రీ ‘సిరిసిరిమువ్వా’ అన్న మకుటంతో ఆడించాడు. నా దృష్టిలో మహాప్రస్థానం రాసిన చెయ్యి ఆ కందాల్లోనూ ఏమాత్రం సడలలేదు.

— దీర్ఘం సంగతి ఒప్పుకున్నాను. కాని ఇప్పుడు ‘తిరిపెము’ పట్టుకుంది. ఆ మాటకు భిక్షమని అర్థం గాని భిక్షకుడని కాదు కదా. మొదటి పాదంలో ‘సిరిగలవానికి’ అని మనిషిని చెప్పిన కవి, మూడో పాదంలో మనిషిని తప్పించి భిక్షాన్నే నిలబెట్టాడు. అది పరిహాసమా, జాలా?