క్రయో అబ్లేషన్‌కి ముందు కంప్యూటర్‌లో చూపించే మంచు ముద్ద ఎంతవరకు నమ్మొచ్చు?

పాలకొల్లు కుర్రాడు:
మా నాన్నగారికి కుడి కిడ్నీలో 3 సెంటీమీటర్ల కణితి ఉందని తేలిందండి. వయసు, షుగరు చూసి ఆపరేషన్ వద్దు, క్రయో అబ్లేషన్ అని, సూదులు దించి కణితిని ఫ్రీజ్ చేసి చంపేద్దాం అన్నారు హైదరాబాద్‌లో డాక్టర్ గారు. నాన్నగారి స్కాన్ మీదే కంప్యూటర్‌లో మూడు సూదులు పెట్టి చూపించారు, వాటి చుట్టూ మంచు కట్టే మేర అని నీలం రంగు ముద్ద పెరిగి కణితి మొత్తాన్ని కప్పేసింది. లోపల కూడా అచ్చం అలాగే అవుతుందా? ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అమ్మ అదే అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ మెకానికల్:
నేను డాక్టర్‌ని కాదండి, వేడి ఎలా పాకుతుందో లెక్కలు కట్టే ఉద్యోగం నాది. మీరు చూసిన బొమ్మ ఏ రకమో ముందు కనుక్కోండి. కొన్నిటిలో అది లెక్కకట్టిన ముద్దే కాదు, సూది తయారుచేసినవాళ్లు జెల్‌లో పెట్టి కొలిచిన ఆకారాన్ని తెచ్చి మీ స్కాన్ మీద వేస్తారు. జెల్‌లో రక్తం పారదు కాబట్టి అక్కడ ముద్ద పెద్దగా వస్తుంది, ఒంట్లో అంత రాదు. నిజంగా లెక్కకట్టేవాటికి ఎక్కువగా ఒంట్లో వేడి ఎలా పాకుతుందో చెప్పే, 1948లో పెన్నెస్ అనే ఆయన ఇచ్చిన సమీకరణమే ఆధారం, దానికి తోడు నీరు మంచుగా మారేటప్పుడు వదిలే వేడిని, అంటే కిలోకి 334 కిలోజౌళ్లని, కలుపుకోవాలి, పైగా నీటిలో కంటే మంచులో వేడి దాదాపు నాలుగు రెట్లు తేలిగ్గా పోతుంది. ఇదంతా కంప్యూటర్ బాగానే చేస్తుంది. తేడా వచ్చేది మనం ఇచ్చే అంకెల దగ్గర. రక్తప్రవాహం మనిషికీ మనిషికీ వేరు, కిడ్నీలో అయితే మరీ ఎక్కువ, ఆ సమీకరణమేమో రక్తం తెచ్చే వేడి కణజాలం అంతటా పరుచుకున్నట్టు అనుకుంటుంది. పెద్ద రక్తనాళం ఉంటే విడిగా చెప్పాలి, లేకపోతే దానికి తెలీదు. భీమవరం ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మ కట్టే డబ్బాకి ఆనుకుని వేడినీళ్ల పైపు పోతే ఆ పక్క సరిగ్గా కట్టదు కదా, నాళం పక్కన కణితికీ అంతే.

రాజోలు సీటీ టెక్నీషియన్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. కానీ ఆ రోజు డాక్టర్లు ఆ బొమ్మ ఒక్కదాన్నే నమ్ముకుని చేయరండి. ఆర్గాన్ గ్యాస్‌తో పది నిమిషాలు ఫ్రీజ్ చేసి, కాసేపు కరగనిచ్చి, మళ్లీ పది నిమిషాలు చేయడం మామూలు పద్ధతి, మధ్యమధ్యలో సీటీ తీస్తూనే ఉంటారు, మంచు కట్టినంత మేరా నల్లగా కనిపిస్తుంది. ఒక పక్క తక్కువైందంటే ఇంకో సూది దించడమో, ఇంకాసేపు ఉంచడమో చేస్తారు.

అసలు అడగాల్సింది వేరే ఉంది. సీటీలో కనిపించే మంచు అంచు దగ్గర సున్నా డిగ్రీలే ఉంటాయి, అక్కడ కణాలు చావవు. మైనస్ 20కి చాలావరకు పోతాయి, గ్యారంటీగా పోవాలంటే మైనస్ 40 అంటారు, ఆ భాగం అంచుకి లోపల ఎక్కడో ఉంటుంది, సీటీలో ఆ గీత కనపడదు. అందుకే మంచు కణితిని దాటి చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు బయటికి రావాలని చూస్తారు. మీకు చూపించిన నీలం ముద్ద అంచు సున్నా డిగ్రీలదా, మైనస్ 20దా, మైనస్ 40దా అని అడగండి. సున్నాది అయ్యి, అది కణితిని సరిగ్గా కప్పిందంటే చాలదు.

పాలకొల్లు కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రిపోర్టులో కణితి కిడ్నీ మధ్య భాగానికి, పెద్ద నాళాలకి దగ్గరగా ఉందని రాశారు. అంటే కష్టమా?

కాకినాడ మెకానికల్:
కష్టమని కాదు తమ్ముడూ, బొమ్మకీ నిజానికీ తేడా ఎక్కువ రాగలిగేది ఆ వైపే. ఆ పక్కకి సూది ఎంత దగ్గరగా పెడుతున్నారు, నాలుగోది అవసరమవుతుందా అని అడుగు. సూది కొంచెం పక్కకి దిగినా ముద్ద ఆకారం మారిపోతుంది, అప్పుడు ప్లాన్ కంటే అప్పుడు తీసిన సీటీయే లెక్క.

మండపేట అక్క:
మావారికి ఇదే చేశారు బాబూ. తర్వాత కాంట్రాస్ట్ (రక్తం పారే చోటు స్కాన్‌లో వెలిగేలా ఎక్కించే మందు) ఇచ్చి తీసే స్కాన్లు మాత్రం మానొద్దు. చేసిన చోట కాంట్రాస్ట్ ఎక్కకపోతే కణితి పోయినట్టు, ఎక్కడైనా ఎక్కి వెలిగితే ఇంకా కొంత మిగిలిందేమోనని చూస్తారట. మొదటి స్కాన్ ఎప్పుడో డిశ్చార్జి రోజునే రాయించుకోండి, పాత సీడీలు కూడా పట్టుకెళ్లండి.