ఐదేళ్ళ మేనల్లుడికి ప్లాస్టిక్ బ్యాటు, బంతి కొనివ్వొచ్చా?

బుగ్గవంక_బాబు
మా అక్క కొడుక్కి వచ్చే ఆదివారం ఐదేళ్ళు నిండుతాయి. కడపలో సొంతిల్లు, వెనక పెరడు, పెరడంతా బండలు పరిచినారు. ఒక పక్క జామచెట్టు, ఇంకో పక్క వంటింటి కిటికీ, మెట్ల కింద సంపు. ఏడురోడ్ల దగ్గర ఒక అంగట్లో ప్లాస్టిక్ సెట్టు చూసినాను. బ్యాటు, రెండు బంతులు, మూడు స్టంపులు, అన్నీ ఒక వలసంచిలో. 350 చెప్పి 280కి దిగినాడు. మా నాయనేమో "మేనమామవై ఉండి ప్లాస్టిక్ పట్టుకుపోతావా, నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నాడు. కొనమంటారా, వద్దంటారా?

కర్నూలోడు
280 ఎక్కువ. 200కి అడుగు.

పాత_పీఈటీ
వద్దు. ముప్పై ఏళ్ళు హైస్కూళ్ళలో పిల్లలను ఆడించినవాణ్ణి, చెబుతున్నాను విను. ప్లాస్టిక్ బ్యాటుకు బరువుండదు. పిల్లోడు దాన్ని ఈగలు తోలినట్టు మణికట్టుతో ఊపుతాడు. భుజం తిరగదు, కాలు ముందుకు రాదు. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే పదేళ్ళు వచ్చినా పోదు. పిల్లల బ్యాట్లకు నంబర్లుంటాయి. కాశ్మీర్ విల్లో చెక్కతో చేసింది, ఒకటో నంబరు తీసుకో. పిల్లోడి కాలి పక్కన నిలబెడితే తుంటి దాకా రావాల, అంతే. బంతికి టెన్నిస్ బంతి చాలు. ప్లాస్టిక్‌కు పెట్టే డబ్బు నెల తిరక్కుండా చెత్తకుప్పలో ఉంటుంది.

ఐఎస్‌ఐ_చూడు
ప్యాకెట్ మీద ఐఎస్‌ఐ మార్కు ఉందా? 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి.

ఇద్దరు_పిల్లల_తల్లి
సార్, వాడికి ఐదేళ్ళు. వాడి భుజం తిరగకపోతే దేశానికి వచ్చిన నష్టమేమీ లేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పెద్దోడికి ఆరేళ్ళప్పుడు మా మరిది చెక్క బ్యాటు తెచ్చిచ్చినాడు. మంచిదే, వెయ్యి రూపాయల పైన పెట్టినాడు. మీరన్నట్టే భుజం తిప్పి వెనక్కి ఊపినాడు మావాడు. వెనక ఎవరున్నారో చూసే వయసా అది? మా పాప నిలబడి ఉంది. పెదవి చీలి రెండు కుట్లు పడినాయి. ఆ రాత్రి మా అత్త అన్న మాట ఏందో తెలుసా? "పిల్లను అక్కడ నిలబెట్టిందెవరు?" అని. బ్యాటు తెచ్చినాయన మీద ఒక్క మాట లేదు. బాబూ, నువ్వు ప్లాస్టిక్ సెట్టే కొను.

పాత_పీఈటీ
అమ్మా, అది బ్యాటు తప్పు కాదు. బ్యాటు పట్టినోడి చుట్టూ ఎవరూ నిలబడకూడదని ముందు చెప్పాల. కత్తిపీట తెగుతుందని ప్లాస్టిక్ కత్తిపీట కొంటారా?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఐదేళ్ళవాడికి కత్తిపీట ఇవ్వను సార్.

దత్తమండలం
ఇద్దరూ అసలు సంగతి వదిలేసినారు. ప్లాస్టిక్‌లో ఏ ప్లాస్టిక్ అనేది ముఖ్యం. బాబూ, అంగట్లోనే వలసంచి విప్పించు. బోలు బ్యాటును అచ్చులో ఊదినప్పుడు రెండు పక్కలా గీత పడుతుంది. ఆ గీత వెంబడి వేలు పెట్టి తడుము. గుచ్చుకుంటే వదిలెయ్. తర్వాత పిడి మొదలయ్యే చోట రెండు చేతులతో కొంచెం వంచు. అక్కడ తెల్లగా చార కనబడిందంటే రేపు విరిగేది కూడా అక్కడే. అంగటాయన తిడతాడు, తిట్టనీ.

ఇంకోటి, మీది కడప బండల పెరడు. పిల్లోడు బంతి వచ్చేదాకా బ్యాటును బండకేసి టకటకా కొడుతుంటాడు, టీవీలో చూసి. ఆ దెబ్బలకే కింది మూల అరిగిపోతుంది. మావాడి బ్యాటుకు అక్కడ చిల్లు పడి లోపలికి చీమలు దూరినాయి. కొట్టిన ప్రతిసారీ ఇసుక రాలేది, వాడేమో "బ్యాటు తుమ్ముతోంది నాయనా" అనేవాడు. ఆ మూలకు సైకిల్ ట్యూబు ముక్క అతికించు. ఆట అయినాక మిద్దె మీద వదిలెయ్యొద్దు. మన మే నెల ఎండ 42, 43 డిగ్రీలు. ఒక వేసవి ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ అప్పడం మాదిరి విరుగుతుంది. విరిగిన అంచు చాలా పదును.

ఐఎస్‌ఐ_చూడు
మార్కు ఉంటే ఇవన్నీ తడమక్కర్లేదు.

దత్తమండలం
మార్కు ఉన్నా ఎండ ఆగదు సామీ.

అనంత_ఎడారి
2024 సెప్టెంబరులో మా అనంతపురం ఆర్‌డీటీ గ్రౌండులో దులీప్ ట్రోఫీ జరిగింది. చూసి వచ్చిన వారం దాకా మా వీధి పిల్లలందరూ తెంకాయ మట్టతో ఆడినారు. బ్యాటు కొనడం దేనికి?

కనెక్టికట్_కడపోడు
అమెరికాలో నేనుండే కనెక్టికట్ రాష్ట్రంలో పిల్లలు పెరట్లో ఆడేదే ప్లాస్టిక్ బ్యాటు, ప్లాస్టిక్ బంతితో. విఫుల్ బాల్ అంటారు. పుట్టింది ఇక్కడే, 1953లో. డేవిడ్ ములానీ అనే ఆయనకు పన్నెండేళ్ళ కొడుకు. బంతిని వంకర తిరిగేటట్టు విసిరి విసిరి చెయ్యి నొప్పి తెచ్చుకుంటుంటే తండ్రి ఒక బంతి తయారు చేసిచ్చినాడు. ఎనిమిది బొక్కలు, అన్నీ ఒక సగంలోనే ఉంటాయి. రెండో సగం నున్నగా ఉంటుంది. గాలి రెండు పక్కలా ఒకే తీరుగా పోదు కాబట్టి, మెల్లగా వేసినా బంతి దానంతట అదే పక్కకు తిరుగుతుంది. ఎంత గట్టిగా కొట్టినా దూరం పోదు, కిటికీ అద్దం పగలదు. ప్లాస్టిక్ అంటే చీప్ అని తీసిపారేయొద్దు, పెరడు చిన్నదైతే దానికి తగ్గ ఆట అది.

పాత_పీఈటీ
నాయనా, అది బేస్‌బాల్ ఇంటి ఆట. బంతి గాల్లోనే వచ్చి గాల్లోనే పోతుంది. మనది నేల మీద పడి లేచే బంతి. బొక్కల బంతి బండ మీద పడితే ఎటు పోతుందో వేసినోడికే తెలీదు. అసలు క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. టెన్నిస్ బంతి 58 గ్రాములకు అటూ ఇటూ. అక్కడి నుంచి ఇంకా కిందికి దిగితే ఇక బంతి అనేదెందుకు, బుడగ కొనివ్వండి. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. బుడగలతో ఆడి అక్కడికి పోయిందా?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ అమ్మాయిని ఇందులోకి లాగొద్దు సార్. ప్రతి పిల్లోడూ ప్రపంచకప్‌కే పోవాలా? బాబు అడిగింది పుట్టినరోజు కానుక గురించి. మీరు సెలెక్షన్ కమిటీ పెట్టి కూర్చున్నారు. చెక్క బ్యాటు పిల్లోడికి కావాల్సింది కాదు, మీకు కావాల్సింది.

కర్నూలోడు
అక్క సిక్స్ కొట్టింది.

పాత_పీఈటీ
నాకు కావాల్సిందా? సరే, చెబుతా వినండి. పోయిన సంక్రాంతికి మా మనవడు బెంగుళూరు నుంచి వచ్చినాడు. వాడి కోసం రెండు నెలల ముందే ఒకటో నంబరు బ్యాటు తెప్పించినా. అవిసె నూనె రాసినా, ఆరబెట్టి మళ్ళీ రాసినా. పాత బంతిని మేజోడులో పెట్టి రోజూ సాయంత్రం బ్యాటు మొహం మీద కొట్టి కొట్టి గట్టిపరిచినా. వాడు వచ్చిన మూడు రోజులూ దాంతోనే ఆడినాడు, ఒక్క దెబ్బ ఎవరికీ తగల్లేదు. పోయేరోజు మా వియ్యంకుడు వచ్చి ప్లాస్టిక్ సెట్టు ఇచ్చిపోయినాడు, బంతి నొక్కితే లైటు వెలుగుతుంది. కారు పోయినాక మిద్దెక్కి చూస్తే నీళ్ళ ట్యాంకు వెనక నా బ్యాటు. ప్లాస్టిక్ సెట్టు కారెక్కి పోయింది. "కారులో చోటు లేదు మామయ్యా" అన్నది కోడలు ఫోనులో.

దత్తమండలం
సార్, ఈ సంగతి మొదట్లోనే చెప్పుంటే నేను ట్యూబు ముక్క దాకా రాకపోదును.

నిర్వాహకుడు
వియ్యంకుళ్ళ సంగతులు వేరే చర్చలో పెట్టుకోండి.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఉండనివ్వండి, ఇప్పుడే అసలు దారిలో పడింది. సార్, కోడలు కారులో చోటు లేదన్నది కావచ్చు, నేను ఒకటి అడుగుతా. బెంగుళూరులో వాళ్ళది ఎన్నో అంతస్తు? చెక్క బ్యాటుతో వాడు ఆడేదెక్కడ? మా వీధి చివర ఖాళీ జాగా ఉండేది, ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు లేచింది. గ్రౌండుకు పోవాలంటే లారీలు పోయే రోడ్డు దాటాల. నేను వంట చేస్తూ కిటికీలోంచి చూడగలిగేది పెరడు ఒక్కటే. అక్కడ ఆడాలంటే ప్లాస్టికే.

పాత_పీఈటీ
అదే అమ్మా, నా బాధంతా అదే. బరువు గిరువు పక్కన పెట్టండి. పెరట్లో బంతి వేసేదెవరు? అమ్మ. లేకపోతే తాత. ఔటైనా "ఇంకో బాల్, ఇంకో బాల్" అంటాడు, మనం వేస్తాం. వీధిలో ఆడినోడు ఔటైతే మారు మాట్లాడకుండా బ్యాటు ఇచ్చేస్తాడు. ఇవ్వకపోతే రేపు వాణ్ణి పిలవరు. పెరట్లో ఆడినోడు బ్యాటు ఎత్తుకొని లోపలికి పోతాడు. నా క్లాసుకు ఆరో తరగతిలో వచ్చే పిల్లల్లో మొదటి రోజే చెప్పగలిగేవాణ్ణి, ఎవరు వీధిలో ఆడినారో, ఎవరు పెరట్లో ఆడినారో.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఎత్తుకొని పోయేది మావాడే సార్, ఆ మాట ఒప్పుకుంటా. కానీ వాణ్ణి వీధిలో వదిలి, వాడు బ్యాటు ఇవ్వడం నేర్చుకుంటాడా, లారీ కింద పడతాడా అని నేను స్టవ్వు దగ్గర నిలబడి లెక్క వేసుకోలేను. మీకు అరవై మంది పిల్లలు ఉండేవాళ్ళు. నాకు ఇద్దరే.

అనంత_ఎడారి
పక్కింటి పిల్లలను పెరట్లోకే పిలవొచ్చు కదా.

ఇద్దరు_పిల్లల_తల్లి
పిలిస్తే పదకొండు మంది వస్తారు తమ్ముడూ. వాళ్ళ దాహానికి నీళ్ళ క్యాన్లు నువ్వు పంపు.

బుగ్గవంక_బాబు
అన్నా, అక్కా, సార్, అందరికీ దండాలు. పుట్టినరోజు అయిపోయింది. 240కి ప్లాస్టిక్ సెట్టే తీసుకున్నా. గీత తడిమినా, పిడి వంచి చూసినా, అంగటాయన "బ్యాటు కొంటాండావా, వంకాయలా" అన్నాడు. బండల మీద స్టంపులు నిలబడలేదు, రెండు ఇటుకల మధ్య ఇరికించినాం. మొదటి రోజే ఒక బంతి సంపులో పడింది. అది తేలింది గానీ సంపు మూత తీసిపెట్టింది ఎవరని మా అక్కకూ బావకూ గొడవ. రెండో బంతి జామచెట్టు మీద ఉంది.

పాత_పీఈటీ
బంతి వేసిందెవరు?

బుగ్గవంక_బాబు
మా నాయనే సార్. ప్లాస్టిక్ ఏందిరా అని సణిగినాయనే పంచె ఎగ్గట్టి ఒక గంట వేసినాడు. మూడుసార్లు ఔట్ చేసినాడు.

పాత_పీఈటీ
బ్యాటు ఇచ్చినాడా?

బుగ్గవంక_బాబు
ఇవ్వలేదు సార్. కౌగిలించుకొని పడుకున్నాడు.

ఐఎస్‌ఐ_చూడు
మార్కు ఉందా లేదా ఇప్పటికీ చెప్పలేదు.

బుగ్గవంక_బాబు
వలసంచికి ఒక అట్ట ఉండె అన్నా. దాని మీద ఉందేమో చూద్దామంటే పిల్లోడి చెల్లెలు దాన్ని నీళ్ళల్లో నానబెట్టి బొమ్మకు పరుపు చేసింది.