అప్‌డేట్: కరేబియన్ దీవి కురసావ్‌లో మా క్రూయిజ్ ఓడ ఆగిన రోజు సొంతంగానే తిరిగాం

ఓడవాళ్ల బస్సు టూర్ తీసుకోవాలా, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో సొంతంగా తిరగగలమా అని అడిగాను కదా. సొంతంగా వెళ్లమన్న వాళ్లందరికీ చాలా థ్యాంక్స్! మీ మాటే నిజమైంది.

పెద్ద ఓడలు ఆగే రేవు నుంచి రిఫ్ కోట మీదుగా రాజధాని విల్లెమ్‌స్టాడ్ ఊళ్లోకి నడక దూరమే. అమ్మ మధ్యమధ్యలో కూర్చుంటూ హాయిగా వచ్చేసింది. అసలు సంబరమంతా క్వీన్ ఎమ్మా వంతెన దగ్గరే. 1888లో మొదలైన ఈ వంతెన పడవల మీద తేలుతుంది, ఇప్పుడు నడిచేవాళ్లకే. మేం మధ్యలో ఉండగా గంట మోగింది, గేట్లు మూశారు, మాతో సహా వంతెన మోటారు శబ్దంతో మెల్లగా పక్కకి తిరిగింది. నాన్న కమ్మీ పట్టుకుని, ఓడ దాటేదాకా నీళ్ల మీంచి చూపు తిప్పలేదు.

వంతెన అవతల పుండా అనే పాత పేటలో రంగురంగుల డచ్ ఇళ్లు, అక్కడి ఆమ్‌స్టర్‌డామ్ కోటలో చర్చి గోడకి 1804 నాటి ఫిరంగి గుండు చూశాం. భోజనానికి ఫుంచి తిన్నాం. అచ్చం మన మొక్కజొన్న సంకటే, అమ్మకి తెగ నచ్చింది. డాలర్లు తీసుకున్నారు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఓడల కోసం వంతెన చాలాసేపు తెరిచి, నడక ఆపేసి ఉంటే పక్కనే ఉచిత ఫెర్రీ నడుస్తుంది, టెన్షన్ అక్కర్లేదు. అయినా ఓడ టైముకి గంట ముందే బయల్దేరండి.