గ్రీస్ దీవిలో పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో బీచ్ సెలవులు: గది ఎక్కడ తీసుకోవాలి?

గంజాం కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. కుటుంబంతో గ్రీస్ వెళ్దామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాం, ఏథెన్స్‌లో ఒకట్రెండు రోజులు ఉండి మిగతా వారమంతా ఏదో ఒక దీవిలో బీచ్ పక్కన. మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారం. మా ఆవిడేమో శాంటోరినీ దీవి ఫొటోలు చూసి ఆ తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాలు తప్ప ఇంకేదీ వద్దంటోంది.

బుకింగ్ సైట్లు తెరిస్తే ప్రతివాడూ ఫ్యామిలీ ఫ్రెండ్లీ అనే రాసుకున్నాడు. గదిలో ఇంకో మంచం వేస్తే ఫ్యామిలీ ఫ్రెండ్లీ అయిపోతుందా? హోటల్ మంచిదా, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మంచిదా, స్విమ్మింగ్ పూల్ ఉండాలా అక్కర్లేదా, అసలు ఏ దీవి? పిల్లల బడి సెలవులు చూసుకుంటే మే, జూన్ మొదట్లో కుదురుతుంది, లేదంటే దసరాకి. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పర్లాకిమిడి కోడలు:

తమ్ముడూ, మేం ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటాం, పిల్లల్నీ అత్తగారినీ వెంటేసుకుని గ్రీస్ వెళ్ళొచ్చాం కాబట్టి చెప్తున్నా. ముందు శాంటోరినీ సంగతి తేల్చేద్దాం. ఆ ఫొటోల్లో కనిపించేవి ఓయా, ఫిరా, ఇమెరోవిగ్లి ఊళ్ళు. అగ్నిపర్వతం పేలి కూలిపోగా మిగిలిన కొండ అంచు మీద కట్టినవి. సముద్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ ఎక్కడో కింద. ఫిరా నుంచి కింది పాత రేవుకి దిగాలంటే 588 మెట్లు, కాదంటే కేబుల్ కార్. అక్కడి హోటళ్ళలో వీధి నుంచి గదికి వెళ్ళడానికీ మెట్లే, గది నుంచి టిఫిన్‌కి వెళ్ళడానికీ మెట్లే, చాలా చోట్ల పన్నెండేళ్ళలోపు పిల్లల్ని అసలు రానివ్వరు. బీచ్‌లన్నీ దీవికి అవతలి పక్క, కమారి, పెరిస్సా. నల్ల ఇసుక, నల్ల రాళ్ళు. మధ్యాహ్నం కాలు పెట్టలేం. మీ నాలుగేళ్ళవాడికీ అమ్మగారికీ అది చోటు కాదు. మీ ఆవిడ ముచ్చట తీర్చాలంటే పక్క దీవిలో ఉండి ఒక రోజు ఫెర్రీలో వెళ్ళి చూసి రండి.

ఆ పక్క దీవి నాక్సోస్ అయితే నా ఓటు దానికే. రేవు ఉన్న ఊరిని ఖోరా అంటారు, దానికి ఆనుకునే ఆగియోస్ యోర్గియోస్ అని బీచ్ ఉంది, ఊళ్ళోంచి నడిచి వెళ్ళొచ్చు, మెత్తటి ఇసుక, చాలా దూరం వరకు నీళ్ళు మోకాలి లోతే. వెనకాలే చిన్న చిన్న కుటుంబాలు నడిపే స్టూడియోలు, అపార్ట్‌మెంట్లు వరసగా ఉంటాయి. ఇంకాస్త దక్షిణంగా వెళ్తే ఆగియోస్ ప్రొకోపియోస్, ఆగియా అన్నా, ప్లాకా అని ఒకదాని తర్వాత ఒకటి పొడుగాటి ఇసుక బీచ్‌లు. బస్సు తిరుగుతుంది. ఏథెన్స్ దగ్గర పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో ఐదు గంటల పైన పడుతుంది. చిన్న విమానాలూ ఉన్నాయి గానీ నేనైతే పెద్ద ఫెర్రీయే అంటాను, పిల్లలు లోపల తిరుగుతారు, అమ్మగారికి లిఫ్టు ఉంటుంది. వేగంగా వెళ్ళే చిన్న కాటమరాన్లు గంటా రెండు గంటలు మిగులుస్తాయి కానీ గాలి ఉన్న రోజున అందరికీ వాంతులే.

గాలి అన్నాను కాబట్టి అదీ చెప్తా. జూలై, ఆగస్టుల్లో ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. మరీ ఎక్కువైతే ఫెర్రీలే ఆపేస్తారు. అందుకే తిరుగు విమానం ఉన్న రోజే దీవి నుంచి బయల్దేరేలా ఎప్పుడూ పెట్టుకోవద్దు, ఏథెన్స్‌లోని ఆ ఒకట్రెండు రోజుల్ని చివరికి నెట్టండి.

మే నెల వద్దు. ఎండ ఉంటుంది కానీ నీళ్ళు 19, 20 డిగ్రీలే, బరంపురం పిల్లలు కాలు పెట్టి వెనక్కి పరిగెత్తుతారు. జూన్ రెండో వారం అయితే నయం.

రాయగడ మేష్టారు:

ఇంటి పక్కన గోపాలపూర్ పెట్టుకుని ఇసుక కోసం గ్రీస్ ఎందుకు బాబూ? ఆ డబ్బుతో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ వేసుకో.

గంజాం కుర్రాడు:

మేష్టారూ, గోపాలపూర్‌లో మా వాణ్ణి నీళ్ళలోకి ఎప్పుడైనా దించగలిగామా చెప్పండి! ఆ కెరటాలకి నేనే నిలబడలేను. ఒడ్డున నుంచుని మొక్కజొన్న పొత్తు తినడమే. అలలు లేని సముద్రంలో పిల్లలతో కూర్చోవాలని నా కోరిక, అంతే. ఫిక్స్‌డ్ కూడా వేశాన్లెండి.

అక్కా, చాలా థాంక్స్. శాంటోరినీ విషయం మా ఆవిడకి చదివి వినిపించా. మెట్ల లెక్క దగ్గర మెత్తబడింది.

సిరొంచ అన్న:

నేను అక్క చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. శాంటోరినీ వద్దు, అది సరే. కానీ అపార్ట్‌మెంట్ అంటే ఏమిటి తమ్మీ? సెలవులకి వెళ్ళి కూడా మీ ఆవిడ రెండు పొయ్యిల స్టవ్ ముందు నిలబడి కుక్కర్ కూతలు లెక్కపెట్టాలనా? నేనైతే క్రీట్ అంటా. అది గ్రీస్‌లోనే అతి పెద్ద దీవి, ఈ చివర నుంచి ఆ చివరికి 260 కిలోమీటర్లు. హెరాక్లియన్, ఖానియా అని రెండు పెద్ద ఎయిర్‌పోర్టులు, ఏథెన్స్ నుంచి గంట లోపు విమానం, ఫెర్రీ టెన్షనే లేదు. హెరాక్లియన్‌లో యూనివర్సిటీ ఆసుపత్రి, ఖానియాలో, రెథిమ్నోలో జనరల్ ఆసుపత్రులు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ, నాలుగేళ్ళ పిల్లోడు ఉన్నప్పుడు నాకు అది చాలా పెద్ద విషయం. చిన్న దీవిలో ఏదైనా అయితే ప్రథమ చికిత్స చేసి పెద్ద ఊరికి పంపిస్తారు.

హాఫ్ బోర్డ్ తీసుకోండి, అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం హోటల్లోనే. బఫేలో అమ్మగారికి అన్నం, బంగాళాదుంపలు, బీన్స్, సలాడ్, పెరుగు ఎలాగూ దొరుకుతాయి. బయట తిందామంటే అక్కడ రాత్రి తొమ్మిది తర్వాతగానీ భోజనం ఊపందుకోదు, అప్పటికి మీ వాడు బల్ల మీద నిద్రపోతాడు.

ఖానియా పక్కన ఆగియా మరీనా, ప్లతానియాస్ ఊళ్ళు కుటుంబాలకి బాగుంటాయి. కాకపోతే ఒక కిటుకు. హోటల్‌కీ బీచ్‌కీ మధ్యలోంచి రద్దీగా ఉండే రోడ్డు పోతుంది. సైట్లో 'బీచ్‌కి 150 మీటర్లు' అని రాస్తారు, ఆ 150 మీటర్లలో రోడ్డు దాటాలని రాయరు, హోటల్ కొండ వాలు మీద ఉందనీ రాయరు. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి హోటల్ గేటు నుంచి ఇసుక దాకా వేలితో నడిచి చూడండి. నేను ఫొటోలు చూడను, ముందు ఇదే చూస్తా.

ఇంకొకటి, జూన్ కుదరకపోతే దసరాకి క్రీట్ గానీ రోడ్స్ అనే దీవి గానీ మంచిది. వేసవంతా కాగిన నీళ్ళు కాబట్టి అక్టోబర్‌లో కూడా మే కంటే వెచ్చగా ఉంటాయి. కానీ దసరా నెలాఖరుకి పడిన ఏడు జాగ్రత్త, సీజన్ అయిపోయి హోటళ్ళు ఒక్కొక్కటే మూసేస్తుంటారు, ముందు నాక్సోస్ లాంటి చిన్న దీవుల్లో.

పర్లాకిమిడి కోడలు:

అన్నా, కుక్కర్ కూతలు ఎవరు లెక్కపెట్టమన్నారు? వంటగది ఉంటే రోజూ వండాలని రూలు లేదు కదా. నాలుగేళ్ళవాడు రాత్రి పదింటికి పెరుగన్నం అడిగితే ఏ బఫే ఇస్తుంది? సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పప్పు, చిక్కటి పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి, మా అత్తగారు బెండకాయ చూసి పొంగిపోయారు. బయట తిన్నా శాకాహారికి లోటు లేదు. యెమిస్తా అని టమాటాల్లో, క్యాప్సికంలో అన్నం కూరి చేస్తారు, అందులో మాంసం కలపలేదు కదా అని మాత్రం అడగాలి. యిగాంతెస్ అంటే పెద్ద చిక్కుడు గింజల కూర. పాలకూర కూరి కాల్చే 'పై' అనే పేస్ట్రీ తింటారా, అందులో గుడ్డు ఉండే అవకాశం ఎక్కువ, అమ్మగారికి వద్దు.

బరంపురం వాళ్ళు కాబట్టి అప్పడాలు, ఊరగాయ సర్దుకుంటారని తెలుసు, సర్దుకోండి. కానీ నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలూ మాంసమూ బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకురాకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

ఆసుపత్రి విషయంలో మాత్రం అన్న మాట నిజం. అమ్మగారికి బీపీ, షుగర్, గుండె లాంటివి ఏమైనా ఉంటే నా ఓటు కూడా క్రీట్‌కే మార్చుకోండి.

ఇక గది. మెజనెట్ అని కనిపిస్తే ఆగండి. అంటే గదిలోనే నిటారు మెట్లు, పైన అటక మీద మంచాలు. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది, నాలుగేళ్ళవాడితో రాత్రంతా కాపలా కాయాలి. ఐదుగురికి ఒకే గదిలో సోఫా బెడ్ కంటే కింది అంతస్తులో పక్కపక్క గదులు రెండు మేలు. పూల్ ఉంటే చుట్టూ కంచె ఉందో లేదో అడగాలి, చాలా చోట్ల ఉండదు, గది తలుపు తీస్తే నేరుగా పూలే. నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఇంకొకటి, బాత్రూంలో మనకి అలవాటైన జెట్ స్ప్రే ఉండదు, మగ్గు పెట్టుకోండి. పైపులు సన్నవి కాబట్టి టాయిలెట్ పేపర్ లోపల వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి. చాలా దీవుల్లో కుళాయి నీళ్ళు తాగరు, సీసా నీళ్ళే. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా వేసవిలో నిశ్శబ్ద సమయం, మనవాళ్ళు బాల్కనీలో వీడియో కాల్ పెట్టి కేకలేస్తే పక్కవాళ్ళు వచ్చి తలుపు కొడతారు.

ఛత్రపూర్ లెక్కల పద్దు:

అందరూ రుచులు చెప్తున్నారు, నేను ఖర్చులు చెప్తా. గ్రీస్‌కి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది. దాని రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి లేదు. మీ లెక్క మూడు తొంభైలు, ఒక నలభై ఐదు, మొత్తం 315 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు, ఆలస్యం చేయొద్దు. మనిషికి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బుకింగ్ కాగితం మీద ఐదుగురి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి. వీసా చేతికి వచ్చేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గది తప్ప ఇంకేదీ తీసుకోవద్దు, పది శాతం తక్కువ అని డబ్బు తిరిగి రాని రేటుకి ఆశపడొద్దు.

సైట్లో చూపించే ధరలో కలవనిది ఒకటుంది. వాతావరణ నిధి పేరుతో రాత్రికి, గదికి ఇంత అని హోటల్లో దిగినప్పుడు కట్టించుకుంటారు. 2025 రేట్లలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మూడు నక్షత్రాల హోటల్‌కి 5 యూరోలు, నాలుగు నక్షత్రాలకి 10, ఐదుకి 15. రెండు గదులు తీసుకుంటే రెండింటికీ కట్టాలి. నాలుగు నక్షత్రాల్లో వారం ఉంటే రెండు గదులకి 140 యూరోలు, అది చిన్న మొత్తం కాదు. ఎవరి ఇల్లయినా అద్దెకి తీసుకుంటే ప్రకటనలో ఏఎంఏ అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి, లేకపోతే దాని జోలికి పోవద్దు.

ఆగస్టు 15 మనకే కాదు, వాళ్ళకీ పెద్ద సెలవు, మేరీ మాత పండగ. ఆ వారం గదులూ ఫెర్రీలూ కిటకిటలాడతాయి.

గంజాం కుర్రాడు:

అమ్మకి బీపీ ఉంది, మందులు వాడుతోంది. కాబట్టి క్రీట్ అని నిర్ణయించేశాం, ఖానియా వైపు, జూన్ రెండో వారం. బడి తెరిచే రోజుకి కాస్త అటూ ఇటూ అవుతుంది, మేష్టారు కోప్పడకూడదు. హోటళ్ళు రెండు మిగిలాయి. ఒకటి ఇసుక మీదే, పూల్ లేదు, కింది అంతస్తు గదులు ఉన్నాయి. రెండోది నాలుగు నక్షత్రాలది, హాఫ్ బోర్డ్, పూల్, పిల్లల క్లబ్బు, కానీ అన్న చెప్పినట్టు వేలితో నడిచి చూస్తే రోడ్డుకి ఇవతల, వాలు మీద. మా పాప రెండోది అంటోంది, అమ్మ ఏదైనా ఫర్లేదు అంటోంది.

సిరొంచ అన్న:

అమ్మలు ఎప్పుడూ ఫర్లేదనే అంటారు తమ్మీ. మొదటిదే తీసుకో. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని పూల్ ఎందుకు? పాప రెండో రోజుకి మర్చిపోతుంది. రాత్రి భోజనం పక్కన టవెర్నాలో, అంటే అక్కడి చిన్న భోజనశాలలో, ఏడింటికే వెళ్ళి తినండి, ఖాళీగా ఉంటుంది, ముందే వడ్డిస్తారు.

పర్లాకిమిడి కోడలు:

నేనూ మొదటిదే అంటాను. డబ్బు కట్టేముందు వాళ్ళకి మెయిల్ పెట్టి అడుగు తమ్ముడూ, గేటు నుంచి గది దాకా మెట్లు ఎన్ని, గది నుంచి ఇసుక దాకా ఎన్ని, రెండు గదులూ పక్కపక్కనే ఇస్తామని రాసిస్తారా, షవర్‌కి ఎత్తైన తొట్టి ఉందా లేక నేల మట్టానికే ఉందా. ఆ తొట్టి అంచు దాటడం మా అత్తగారికి రోజూ ఒక యుద్ధం అయింది. అంకెలతో జవాబు రాస్తే కట్టేయ్. 'నో ప్రాబ్లెమ్' అని ఒక్క ముక్క రాస్తే మళ్ళీ అడుగు.

రాయగడ మేష్టారు:

బడి తెరిచాక మూడు రోజులు రాకపోయినా పర్వాలేదు. సెలవు చీటీ మాత్రం ముందే రాసిమ్మను.