గిఫ్టు కార్డులలో మిగిలిపోయిన చిల్లర డబ్బును పూర్తిగా వాడుకోవడం ఎలా?

హనుమకొండ టీచరమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మా బీరువా సొరుగులో ప్రస్తుతం మూడు కార్డులు ఉన్నాయి. మూడింటిలోనూ డబ్బు ఉంది, కానీ ఒక్కదానిని కూడా చివరి రూపాయి వరకు వాడుకోలేకపోతున్నాను.

మొదటిది ఏసీ కంపెనీ ఇచ్చినది. ఏసీ కొన్నప్పుడు షోరూంలో '2,500 రూపాయల క్యాష్‌బ్యాక్' అనే బోర్డు చూసి ఆ కంపెనీదే ఎంచుకున్నాము. ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించరనీ, బిల్లు ఫొటోనూ సీరియల్ నంబరునూ కంపెనీ వెబ్‌సైటులో ఎక్కించిన తరువాతే వస్తుందనీ డబ్బు కట్టాక చెప్పారు. దాదాపు మూడు నెలలకు కొరియర్‌లో వచ్చింది డబ్బు కాదు, ప్రీపెయిడ్ కార్డు. దానిని యాక్టివేట్ చేసి, పిన్ పెట్టుకోవడానికే ఒక ఆదివారం గడిచిపోయింది. ఇప్పుడు అందులో 163 రూపాయల 40 పైసలు ఉన్నాయి. గడువు ఇంకా నెల కూడా లేదు.

రెండవది మా తమ్ముడి కొడుకుకు కంపెనీ వారు దసరాకు ఇచ్చిన 5,000 రూపాయల కార్డు. 'అత్తమ్మా, బతుకమ్మకు చీర కొనుక్కో' అని నా చేతిలో పెట్టాడు. చీర 4,350 అయింది, 650 మిగిలింది. ఆ తరువాత ఒక మందుల దుకాణంలో 238 రూపాయలకు ఆ కార్డు గీకితే, మిషన్ చాలాసేపు తిరిగి చివరకు రసీదు ఇవ్వకుండానే ఆగిపోయింది. డబ్బు రాలేదని దుకాణం వారు చెప్పడంతో నగదు ఇచ్చి వచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే కార్డులో 412 మాత్రమే ఉంది. ఇది జరిగి ఈ రోజుకు 19 రోజులు.

మూడవది మా గృహప్రవేశానికి తోటి ఉపాధ్యాయులు ఇచ్చిన, వరంగల్‌లోని ఒక బట్టల దుకాణం వారి సొంత కార్డు. అందులో 275 రూపాయలు ఉండగానే పోయిన నెల గడువు ముగిసింది.

పక్క వీధి కిరాణా కొట్టులో, కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ తప్ప స్వైపింగ్ మిషన్ ఉండదు, ఈ కార్డులేమో క్యూఆర్‌కు పనిచేయవు. సూపర్ మార్కెట్‌లో 418 రూపాయల బిల్లుకు 163 ఉన్న కార్డు ఇస్తే మూడుసార్లు తిరస్కరించింది. వెనుక వరుసలో నిలబడిన వారందరూ నా వైపే చూస్తుంటే, నా ఖాతాలో డబ్బే లేదని అనుకుంటారేమోనని ఎంతో చిన్నతనంగా అనిపించింది. ఈ మూడు కార్డుల విషయంలో ఏం చేయాలో తెలిసిన వారు దయచేసి వివరంగా చెప్పగలరు.

నయీంనగర్ బిల్లింగ్ కౌంటర్:

నమస్కారం మేడం. నేను ఎనిమిదేళ్లుగా సూపర్ మార్కెట్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. మీకు జరిగినట్టు రోజూ ఇద్దరు ముగ్గురికి జరగడం చూస్తుంటాను. మీ తప్పేమీ లేదు. మిషన్‌లో 418 అని కొట్టినప్పుడు కార్డులో 418 ఉండాలి, ఒక్క రూపాయి తక్కువైనా మొత్తం తిరస్కరిస్తుంది. ఉన్నంత వరకు తీసుకుని మిగతాది అడగడం దానికి రాదు. కార్డులో ఎంత ఉందో మా మిషన్‌లో కనిపించదు కూడా. అందుచేత, ఇంటి దగ్గరే మిగులు ఎంతో పైసలతో సహా చూసుకుని ఒక చీటీ మీద రాసుకోండి. సామాను స్కాన్ చేయడం మొదలుపెట్టక ముందే కౌంటర్‌లో ఉన్న వారితో 'ఈ కార్డు మీద సరిగ్గా 163 రూపాయల 40 పైసలు తీసుకోండి, మిగతాది ఫోన్‌పే చేస్తాను' అని చెప్పండి. మా సాఫ్ట్‌వేర్‌లో బిల్లును రెండు మూడు చెల్లింపులుగా విడగొట్టే వీలు ఉంటుంది. దీనినే మేము స్ప్లిట్ అంటాము. ఒకే బిల్లుకు మీ రెండు కార్డులనూ వాడవచ్చు. బిల్లు మాత్రం ఆ రెండింటి మొత్తం కంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి.

కొత్తగా చేరిన పిల్లలకు స్ప్లిట్ చేయడం తెలియక 'కుదరదు' అంటారు. అలాంటప్పుడు సూపర్‌వైజర్‌ను పిలవమని అడగడానికి మొహమాటపడకండి. రద్దీ లేని సమయం, అంటే పగలు పదకొండు నుంచి ఒంటిగంట లోపు వస్తే ఎవరూ విసుక్కోరు.

పెట్రోలు బంకులో కూడా చెప్పినంత మొత్తానికే పోస్తారు కాబట్టి స్కూటీ ఉన్న వారికి అదీ ఒక దారి. కొన్ని కార్డుల మీద పెట్రోలుకు సర్‌చార్జి పడుతుంది, కనుక నాలుగైదు రూపాయలు తక్కువకే పోయించుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. మిగులు సున్నా అయిందని కార్డును వెంటనే పారేయకండి. వస్తువు వాపసు ఇస్తే, ఆ కార్డు మీద కట్టిన మేరకు డబ్బు మళ్లీ అదే కార్డులోకి వెళుతుంది. కార్డు ముక్కలు చేసి పారేసిన తరువాత మిక్సీ పాడైందని వచ్చి బాధపడిన వారిని నేను చూశాను. కొన్న వస్తువు బాగుందని తేలేవరకు దాచి ఉంచండి.

కరీంనగర్ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

టీచరమ్మ గారికి నమస్కారం. మీ మొదటి రెండు కార్డులు ఒక రకం, మూడవది పూర్తిగా వేరే రకం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది సంబంధం లేని చోట ఫిర్యాదు చేసి అలసిపోతున్నారు.

పలు దుకాణాలలో చెల్లే ప్రీపెయిడ్ కార్డులకు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27న ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్స్ వర్తిస్తాయి. వాటి ప్రకారం ఒక్కో గిఫ్టు కార్డు విలువ 10,000 రూపాయలకు మించకూడదు, అందులో మళ్లీ డబ్బు నింపడానికి వీలు లేదు, నగదుగా తీసుకోవడానికి గానీ వేరే ఖాతాకు పంపుకోవడానికి గానీ వీలు లేదు. మీ చిల్లర చిక్కుకుపోవడానికి మూలం ఈ చివరి నియమమే. అయితే అవే నిబంధనలలో మీకు పనికివచ్చేవీ ఉన్నాయి. కార్డుకు కనీసం ఒక సంవత్సరం గడువు ఉండాలి, గడువు ముగియడానికి ముందు 45 రోజుల వ్యవధిలో మీకు హెచ్చరికలు పంపాలి, గిఫ్టు కార్డు గడువును పొడిగించమని మీరు కోరితే పొడిగించవచ్చు. గడువు దాటిన తరువాత మిగిలిన మొత్తాన్ని, గడువు తేదీ నుంచి కనీసం మూడేళ్ల వరకు, జారీ చేసిన సంస్థ తన లాభాల ఖాతాలో కలుపుకోకూడదు. గడువు దాటాక మీరు ఎప్పుడు అడిగినా ఆ డబ్బును మీ బ్యాంకు ఖాతాలో వేయాలి. కాబట్టి గడువు పోయింది, డబ్బు పోయింది అనుకుని కార్డును చెత్తబుట్టలో వేయవద్దని అందరినీ కోరుతున్నాను. 163 రూపాయలు చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది మీ డబ్బు.

అడగవలసింది ఏసీ కంపెనీని కాదు. కార్డు ముందువైపు కంపెనీ పేరు పెద్దగా ఉన్నా, దానిని జారీ చేసిన బ్యాంకు లేదా సంస్థ పేరు కూడా దాని మీద ఉంటుంది. ఉత్తరం వారికే రాయండి.

మందుల దుకాణంలో జరిగినదానికి వేరే నియమం ఉంది. కార్డులో డబ్బు తగ్గి, దుకాణానికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజుల లోపు ఆ మొత్తం మీరు అడగకుండానే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వులో చెప్పింది. మీరు చెప్పిన 19 రోజులలో 5 తీసివేస్తే 14 రోజుల ఆలస్యం, అంటే 238తో పాటు 1,400 రూపాయలు. ఆ రోజు డబ్బు తమకు చేరలేదని మందుల దుకాణం వారి నుంచి ఒక కాగితం మీద రాయించుకోండి. జారీ చేసిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇటువంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.

బట్టల దుకాణం కార్డుకు ఈ రక్షణలేవీ లేవు. ఒక దుకాణం తన సరుకు కోసమే ఇచ్చే కార్డులను రిజర్వు బ్యాంకు చెల్లింపు వ్యవస్థగా లెక్కించదు, కనుక ఏడాది గడువు నియమం కూడా దానికి వర్తించదు. ముందు మేనేజరును మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు అక్కడ రుసుము ఉండదు. కానీ 275 రూపాయల కోసం అంత దూరం వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇటువంటి కార్డులను చేతికి వచ్చిన నెలలోనే ఖర్చు చేయడం మంచిదని నా అభిప్రాయం.

క్యాష్‌బ్యాక్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. తగ్గింపును బిల్లులోనే చూపిస్తే జీఎస్టీ తగ్గిన ధర మీద పడుతుంది. తరువాత కార్డు రూపంలో ఇస్తే మీరు పూర్తి ధర మీద పన్ను కట్టినట్టే. అందుకే వచ్చేసారి 'బిల్లులో ఎంత తగ్గిస్తారు' అని అడిగి, దానినే పోల్చుకోండి.

ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు మాత్రం ఫోన్ చేయవద్దు. కార్డు వెనుక ఉన్న నంబరునే వాడండి. మిగులు డబ్బు ఖాతాలో వేస్తామని ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసమే. పొరపాటున చెప్పినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

జగిత్యాల అమ్మ:

అక్కా, మా బిడ్డ టెక్సాస్‌లో ఉంటుంది, అక్కడ కూడా ఇదే బాధ చూశాను. అల్లుడు కారు టైర్లు మార్పిస్తే రిబేటు, అంటే కొన్నాక వెనక్కి ఇచ్చే డబ్బు, కార్డు రూపంలోనే వచ్చింది. కొన్న గిఫ్టు కార్డులలోని డబ్బుకు కనీసం ఐదేళ్ల గడువు ఉండాలని అమెరికాలో 2009లో చట్టం చేశారట. కానీ రిబేటుగా, ప్రచారం కోసం ఉచితంగా ఇచ్చే కార్డులకు అది వర్తించదు. అందుకని వాటి గడువు చాలా ముందుగానే అయిపోతుంది. అక్కడి పెట్రోలు బంకులో మిషన్ దగ్గర కార్డు పెడితే పోయించుకునే దానికంటే ఎక్కువ మొత్తం ముందుగానే పట్టి ఉంచుతుంది, తక్కువ డబ్బున్న కార్డును ఒప్పుకోదు. లోపలికి వెళ్లి కౌంటర్‌లో 'ఇంతకే పోయాలి' అని చెప్పి కట్టాలి. పిల్లల దగ్గరి నుంచి తిరిగి వచ్చే తల్లిదండ్రులు ఇటువంటి కార్డులను సంచిలో వేసుకుని రావద్దు. అక్కడి గిఫ్టు కార్డులు సాధారణంగా మన దగ్గర చెల్లవు. నా దగ్గర పదకొండు డాలర్ల కార్డు అలాగే ఉండిపోయింది. విమానం ఎక్కే ముందే అందులో ఉన్నంత మొత్తానికి ఏదైనా షాపింగ్ సైటు గిఫ్టు కార్డు కొని, పిల్లల ఖాతాలో కలిపేస్తే సరిపోయేది.

హనుమకొండ టీచరమ్మ:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. శనివారం పగలు పన్నెండింటికి సూపర్ మార్కెట్‌కు వెళ్లాను. బిల్లు 690 అయింది. చీటీ మీద రాసుకున్న ప్రకారం ఒక కార్డు మీద 163 రూపాయల 40 పైసలు, ఇంకొక దాని మీద 412 తీసుకోమని చెప్పి, మిగిలిన 114 రూపాయల 60 పైసలు ఫోన్‌లో కట్టాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి మొదట తెలియలేదు, సూపర్‌వైజర్ వచ్చి చూపించాడు. మూడు రసీదులనూ, రెండు కార్డులనూ ఒకే కవరులో దాచాను.

బట్టల దుకాణం మేనేజరు గడువు దాటిన కార్డు చూసి మొదట కాదన్నారు. బహుమతిగా ఇచ్చిన వారు పూర్తి డబ్బు కట్టే కొన్నారని వివరించిన తరువాత, ఆ రోజే వాడుకునే షరతు మీద 275 ఒప్పుకున్నారు. రెండు జాకెట్టు ముక్కలు తెచ్చుకున్నాను.

మందుల దుకాణం వారు డబ్బు అందలేదని రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆ కాగితాన్ని జతచేసి, 238తో పాటు పరిహారం కూడా కోరుతూ కార్డు జారీ చేసిన సంస్థకు నిన్ననే మెయిల్ పంపాను, ఫిర్యాదు సంఖ్య వచ్చింది. 30 రోజులు పూర్తయ్యేలోగా వారు ఏమంటారో ఇక్కడే రాస్తాను.