‘ఇనుమయస్కాంత సన్నిధి’: ఇక్కడ భ్రాంతం అంటే ఏమిటి? (విశాఖ వైపు వాళ్ల మాటలు; ప్రతి మాట ముందున్నది వారి ఊరో పేటో)

పెదవాల్తేరు: నిన్న సూదిని అయస్కాంతం మీద ఒకే వైపుకి రుద్ది, పళ్లెంలో నీళ్ల మీద రావి ఆకులో పెట్టి మనవరాలికి చూపించాను. ఆకుతో సహా మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలిచింది. వెంటనే పోతన భాగవతంలో ప్రహ్లాదుడు గురువుతో చెప్పే పద్యం నోట్లో ఆడింది: ‘ఇనుమయస్కాంత సన్నిధి నెట్లు భ్రాంత మగు హృషీకేశు సన్నిధి...’ అక్కడ ఆగిపోయాను. ఈ భ్రాంతం తిరగడమా, మతి చెదరడమా?

భీమిలి: ‘...నా విధమునఁ గరఁగుచున్నది దైవయోగమునఁ జేసి బ్రాహ్మణోత్తమ! చిత్తంబు భ్రాంత మగుచు.’ అయస్కాంతం దగ్గర ఇనుములా హరి సన్నిధిలో నా మనసు కరుగుతోందని. సంస్కృత భాగవతంలో, అంటే మూలంలో, ఇనుముకి ‘భ్రామ్యతి’ అని ఉందండీ. తిరగడమే.

గాజువాక: మూలం సరే మాస్టారూ, ‘కరఁగుచున్నది’ ఏమైపోవాలి? తిరిగేది కరగదు కదా. చివరి భ్రాంతం పరవశమే. మందార మకరందం తాగిన తుమ్మెద ఇంకో పువ్వు వైపు చూడదన్న ప్రహ్లాదుడి మాటే ఇదీ. మొదటి భ్రాంతానికి ఒక అర్థం, చివరిదానికి ఇంకో అర్థం చెబితే ఉపమానం విరిగిపోతుంది.

భీమిలి: విరగదు. మా ఊరి ఒడ్డున ఇసకలో అయస్కాంతం దొర్లించి చూడండి. నల్ల రేణువులు రెండు కొసలకే మీసాల్లా నిక్కుతాయి, నడుమ దాదాపు ఖాళీ. సన్నటి రేణువు ముందు అటు తిరిగి, ఆ తర్వాతే అంటుకుంటుంది. తిరగడం, లోబడడం ఒకదాని వెంట ఒకటి.

సీతమ్మధార: అమ్మా, మీ సూది తిరిగింది గానీ పళ్లెం ఉత్తరపు అంచుకి కొట్టుకుపోలేదు కదా? భూమి బలం దాని రెండు కొసల మీదా సమానంగా, ఎదురెదురు దిక్కులకి పడుతుంది. అందుకే తిప్పుతుంది, లాగదు. సూది ఉత్తర కొసని అటు తిప్పుకుంది కాబట్టి, ఉత్తరాన ఉన్నది అయస్కాంతం లెక్కలో దక్షిణ ధ్రువం. అన్నట్టు చాలామంది ‘ధృవం’ అని రాస్తున్నారు. వట్రసుడి కాదు, రావత్తు, కొమ్ము: ధ్రువం.

భీమిలి: ధ్రువమంటే కదలనిది. కానీ 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడా ఉత్తరాన బూతియాలో గుర్తించిన అయస్కాంత ధ్రువం ఇప్పుడు ఆర్కిటిక్ సముద్రంలో సైబీరియా వైపు జరుగుతోంది. భూమి లోపల కరిగిన ఇనుము సుడులు తిరుగుతూ ఉండడం వల్లే ఆ అయస్కాంతత్వం, ఆ కదలికా. గాజువాక గారూ, కరిగినదే తిరుగుతోంది! పోతనకి ఇది తెలుసని అనను. రెండు మాటలూ ఒకే ఇనుములో ఇముడుతాయంటున్నాను, అంతే.

గాజువాక: పద్యంలో ఉన్నది సన్నిధండీ, రెండుసార్లు. ఉత్తర ధ్రువం విశాఖకి సన్నిధా? పళ్లెం సూదిని వదిలేయండి. దగ్గరికి తెచ్చిన ఇనుము సంగతి చెప్పండి.

పెదవాల్తేరు: తెచ్చి చూశాను. అయస్కాంతం బెత్తెడు దూరంలో ఉండగానే సూది ఉత్తరాన్ని వదిలేసి ఇటు తిరిగింది. అంటుకునే లోపు ఆకు రెండుసార్లు వణికింది. ఆ వణుకుని ఏమనాలి?